జిగురు గిన్నె

బైండింగ్ మామ్మ చేతులు చూస్తే ఆవిడ ఎన్నాళ్లుగా ఈ పనిలో ఉందో అడగక్కర్లేదు. గోళ్ల చుట్టూ ఎండిన జిగురు, చూపుడువేలి మీద దారం కోసిన గాడి, కాగితం మడతలు నొక్కీ నొక్కీ చదునైపోయిన బొటనవేలు. మొగుడు పోయాక అతని కత్తీ, చెక్క బిగింపూ ఆవిడ చేతికొచ్చాయి. ఆడదానికి ఈ పని చేతకాదన్నవాళ్లే, తర్వాత చినిగిన పుస్తకాలు చంకన పెట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డారు. ఆవిడ కూడా వాళ్లని కాసేపు నిలబెట్టే ఉంచింది.

ముందు గది పనికి, వెనక గది పడకకి, మధ్యలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు పట్టని వంటిల్లు. కొడుకు లారీ మీద తిరుగుతాడు, ఇంటికొచ్చేది చుట్టపుచూపుకే. ఉండేదల్లా మామ్మ, హోటల్లో దుప్పట్లు ఉతికే పని చేసే కోడలు, మనవరాలు పిట్ట. ఆ పిల్ల తినేదీ పిట్ట తిండే, ఒళ్లూ పిట్ట ఒళ్లే, అందుకని ఆ పేరు.

పిట్టకి మోచేతుల మీద, మోకాళ్ల మీద, పిరుదుల మీద చిన్న చిన్న నీటిపొక్కులు గుంపులుగా లేచేవి. ఒకటే దురద. గోకితే పగిలి, చెక్కుకట్టి, మచ్చపడి, ఆ పక్కనే మళ్లీ కొత్తవి. మొదట గజ్జి అన్నారు. ఇంటిల్లిపాదీ మెడ నుంచి పాదాల దాకా మందు పూసుకుని దెయ్యాల్లా తిరిగారు, దుప్పట్లు ఉడకబెట్టారు. రోజంతా హోటలు దుప్పట్లు ఉతికొచ్చిన కోడలు ఇంట్లోనూ అవే ఉతికింది. పక్కింటావిడ తన పిల్లల్ని పిట్టతో ఆడుకోనివ్వడం మానేసింది. మామ్మ ఊరుకునే మనిషా? నీ పిల్లల తలల్లో పేలు మా గుమ్మం దాకా నడిచొస్తున్నాయి, ముందు వాటిని పిలుచుకో అని వీధికి వినపడేలా అంది. అంది గానీ, పిట్ట కిటికీ ఊచలు పట్టుకుని ఆ పిల్లల ఆట చూస్తుంటే ఆవిడకి సూదిలో దారం ఎక్కలేదు.

ఆఖరికి చర్మం డాక్టరమ్మ దొరికింది. పైపైన చూసి చీటీ రాసి పంపేయలేదు. పొక్కు పక్కన రవ్వంత తోలు తీసి పరీక్షకి పంపింది, రక్తం తీయించింది, ఆ తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. దీన్ని సీలియాక్ అంటారు. గోధుమలో, బార్లీలో ఉండే ఒక పదార్థం ఈ పిల్ల పేగుకి పడదు. కొందరు పిల్లలకి కడుపునొప్పీ విరేచనాలూ వస్తాయి, కొందరికి ఇలా తోలు మీద తేలుతుంది. ఇది ఎవరికీ అంటుకోదు. రొట్టె, బిస్కెట్లు, రవ్వ, మైదా, ఏవీ చిటికెడు కూడా నోట్లోకి పోకూడదు. తోలు మానడానికి మాత్రం చాలా కాలం పడుతుంది, ఓపిక పట్టాలి. ఓపిక ఏ మందుల షాపులో దొరుకుతుందో అది కూడా రాసివ్వమ్మా అని మామ్మ గొణిగింది. గొణిగినా, ఇంటికెళ్లగానే రొట్టె ముక్కతో సహా తినడానికి ఉన్నవన్నీ మూటగట్టి పక్కింటికి ఇచ్చేసింది. పేలవాళ్లే తిననీ అనుకుంది.

అప్పట్నుంచి పిట్టకి పొద్దున్నే బియ్యం జావ. కోడలు తెల్లవారగానే పనికి వెళ్లిపోతుంది కాబట్టి జావ మామ్మ వంతు. పొక్కులు కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ విరుచుకుపడ్డాయి. డాక్టరమ్మ మళ్లీ రక్తం చూసి తల అడ్డంగా ఊపింది. ఎక్కడో ఒకచోట పిల్ల నోట్లోకి గోధుమ పోతూనే ఉంది, ఇల్లంతా వెతకండి అంది.

మామ్మ ఇల్లంతా వెతకలేదు. కోడలి సంచీ వెతికింది. అడుగున బిస్కెట్ల కాగితం దొరికింది.

పనిలో ఆకలేస్తే తిన్నాను అంది కోడలు. పిట్ట పుట్టినప్పట్నుంచీ నిద్రకి మొహంవాచి ఉంది, అబద్ధం ఆడే ఓపిక కూడా లేని మనిషి. అయినా మామ్మ నోటికి తలుపులు లేవు. కన్నతల్లివి అయివుండీ దొంగచాటుగా పెట్టి పిల్ల ఒళ్లు పుండు చేశావంది.  ఆ రోజు నుంచి కోడలు రాత్రిపూట పొక్కులకి మందు తనే రాసేది, అత్తగారిని ముట్టనిచ్చేది కాదు. కొన్నాళ్లకి ఒక తెల్లవారుజామున బట్టలు సర్ది సంచీ తలుపు పక్కన పెట్టింది.

"తోటి పనావిడ గదిలో చోటుందట అత్తయ్యా. సాయంత్రం పిల్లని తీసుకుని వెళ్తాను. అక్కడైనా తగ్గుతుందేమో చూస్తాను."

పో అంది మామ్మ. నీళ్లు ఎక్కువైన జిగురులా, ఆ మాటకి పట్టులేదు.

ఆ పొద్దున కూడా మామ్మ ఎప్పట్లాగే ముందు జిగురు కాచింది. ఇంట్లో అడుగంటని దళసరి గిన్నె ఒక్కటే. అందులో మైదా కలిపి, చెక్కతెడ్డుతో తిప్పి, దించి, ముందు గదిలో రేకు డబ్బాలోకి వంపేసేది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేది ఆ డబ్బాలోనే. మైలుతుత్తం విషమని ఆవిడకి తెలుసు. అందుకే ఆ నీలంరంగు పొట్లం పిట్టకి అందకుండా అటక మీద దాచింది, దాన్ని ముట్టిన చేతిని మూడుసార్లు తోమేది, ఒక్క రవ్వ కూడా వంటింట్లోకి రానిచ్చేది కాదు. మైదా సంగతి వేరు. అది మనుషులు తినేదేగా. గిన్నె నీళ్లతో తొలిపితే చాలనుకుని, అదే గిన్నెలో అదే తెడ్డుతో జావ కాచేది.

పిట్ట జావ చెంచాతో కెలుకుతూ కూర్చుంది.

"నానమ్మా, ఇందులో నీ జిగురుంది."

మీగడే, నోరుమూసుకుని తాగమంది మామ్మ. పిట్ట చెంచా చివర చిన్న తెల్లటి పీలిక ఎత్తి చూపించింది. మామ్మ దాన్ని తీసుకుని, రోజూ జిగురు పదును చూసినట్టే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. బియ్యం మీగడ అయితే చితికిపోవాలి.

సాగింది.

ఆవిడ లేచి తెడ్డు వెలుతురులో పెట్టి చూసింది. చెక్క పగుళ్ల నిండా ఎన్నాళ్లదో తెల్లటి జిగురు. గిన్నె అంచు మడత కింద గోరు పెట్టి గీరితే పొర లేచింది. మామ్మ పిట్ట చేతిలోంచి జావ గిన్నె లాక్కుని పారబోసింది. పిల్ల బిత్తరపోయింది. దానికి కొత్త పళ్లెంలో అరటిపండు పెట్టి, ముందు గదిలోకి వెళ్లి కూర్చుంది. పని ముట్టుకోలేదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కోడలు సాయంత్రం పిల్లని తీసుకుపోతుంది, అక్కడ ఈ గిన్నె ఉండదు, ఒళ్లు మానుతుంది. మామ్మ తల ఎత్తుకునే ఉంటుంది. కానీ పిట్ట ఉండదు. పైగా బిస్కెట్ల కాగితం నేరం కోడలి నెత్తినే మిగిలిపోతుంది. చిరిగిన పుస్తకాన్ని పైన అట్ట వేసి దాచే బైండర్లని ఆవిడ జీవితమంతా తిట్టిపోసింది.

సాయంత్రం కోడలు వచ్చి చెప్పులు విప్పకముందే, మామ్మ గిన్నే తెడ్డూ తెచ్చి తలుపు దగ్గరున్న బట్టల సంచీ పక్కన పెట్టింది.

"నీ సంచీలో కాదే అమ్మాయ్. ఇందులో ఉంది."

కోడలు తెడ్డు తీసి చూసింది. పగుళ్లలో గోరు పెట్టి గీరింది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అని మామ్మ కాచుకుని నిలబడింది. అరిస్తే బాగుండుననుకుంది. కోడలు అక్కడే నేల మీద కూలబడి, మరి రేపట్నుంచి మీ పని ఎలా అని అడిగింది. మామ్మకి అప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొయ్యి పొగ అంది. పొయ్యి వెలిగించనేలేదు.

మైదా ఇంట్లోంచి పోయింది. గిన్నె, తెడ్డు, జల్లెడ పోయాయి. ఇప్పుడు సగ్గుబియ్యం నానబెట్టి జిగురు కాస్తోంది. అది తొందరగా ఎండదు, ఒక్కోసారి అట్ట పైకి లేస్తుంది, మళ్లీ విప్పి మళ్లీ అతకాలి. మామ్మ దాన్ని తిడుతూనే బరువులు పేరుస్తుంది. పిట్ట పొక్కులూ అంతే. ఒకచోట మానుతుంటే ఇంకోచోట రెండు లేస్తున్నాయి. మునుపటికన్నా తక్కువే, కానీ లేస్తున్నాయి. ఓపిక పట్టమని డాక్టరమ్మ మళ్లీ అంది. సంచీ తలుపు పక్కనే ఉంది. కోడలు కావలసిన చీర అందులోంచే తీసుకుంటుంది, ఉతికి మళ్లీ అందులోనే పెడుతుంది. మామ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

నిన్న కోడలు వచ్చేసరికి బాగా అలిసిపోయింది. అన్నం కూడా తినకుండా గోడకి చేరబడింది. పిట్ట మోచెయ్యి గోక్కుంటూ, దురద ఎప్పుడు పోతుంది నానమ్మా అంది. అట్ట ఎండేదాకా కెలకొద్దంటానా లేదా, ఇదీ అంతే అంది మామ్మ.

కోడలు కళ్లు తెరవకుండానే మందు గొట్టం ఇటు జరిపింది.

"ఇవాళ మీరు రాయండి అత్తయ్యా. నా చేతులు లేవట్లేదు."

మామ్మ లేచి సబ్బుతో చేతులు కడుక్కుంది. గోళ్లు దీపం దగ్గర పెట్టి చూసుకుని, మళ్లీ కడుక్కుంది.