బగ్గీఖానాలో గుర్రం వాసన

ఇది రాతిగోడల రోదన, ఒక స్త్రీ పోరాటం కలగలిసిన ఇతిహాసం అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికిది వాసన గురించి. ఈ ఉదయం సికింద్రాబాద్‌లో తొలివాన పడింది. మా హోటల్ రిసెప్షన్‌లో కూర్చున్న నా ముక్కుకు గుర్రం తగిలింది. వెంటనే మార్తా మేడం గుర్తొచ్చారు. ఈ మాట విన్నా ఆవిడేమీ అనుకోరు.

ఒకప్పుడు దొరల బగ్గీలు, గుర్రాలు నిలిపిన ఈ షెడ్డును చిన్న హోటల్‌గా మార్చిన డిజైనర్ ఆవిడ. ఇప్పుడిక్కడ మేనేజర్నైన నేను అప్పట్లో ఆవిడకు అసిస్టెంట్‌ని, అంటే టేపు రెండో కొస పట్టుకునేవాణ్ణి. నేలమీది పాత బండల్లో ఒక్కటి కూడా పీకనివ్వలేదావిడ. ఎండాకాలమంతా చూసినవాళ్లు మెచ్చుకున్నారు. ప్రారంభం దగ్గరపడ్డాక ఒక జల్లు పడింది. బండల సందుల్లో ఇంకిన గుర్రాల మూత్రం మేలుకుంది.

యజమాని యాదగిరి గారిది బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారం. వాసనలకు జడిసే మనిషనుకోం. ఆయనే ముక్కు మూసుకున్నారు.

"మేడం, గీ కంపుల పైసలిచ్చి ఎవడు పంటడు? బండలు పీకి టైల్స్ ఏసేద్దాం."

"గుర్రాల కొట్టంల గుర్రం వాసన గాక మల్లెపూల వాసనొస్తదా అన్నా? వచ్చేటోళ్లకు ముందే చెప్దాం."

చెప్తే పారిపోతారని ఆయన వాదన. చివరికొక ఒప్పందం కుదిరింది. మొదటి అతిథులు ఉంటే బండలుంటాయి. పోతే బండలతోపాటు మేడం కూడా పోతారు. నేను అగరబత్తులు తెస్తానన్నాను. గుర్రానికి పూజ చేస్తున్నట్టుంటుంది, వద్దన్నారావిడ.

ప్రారంభం రోజు సహజంగానే వాన పడింది. మౌలాలి నుంచి రిటైరైన రైల్వే ఉద్యోగి, ఆయన భార్య వచ్చారు. మేడం స్వాగతం పలక్కముందే సంగతి చెప్పేశారు. "అమ్మా, గుర్రాలెప్పుడో పోయినయ్. వాసన మాత్రం ఇంకా రూమ్ ఖాళీ చెయ్యలేదు. వద్దనుకుంటే పైసలు వాపస్."

యాదగిరి గారు కళ్లు మూసుకున్నారు. పెద్దావిడ గట్టిగా ఓసారి పీల్చి, భర్త వైపు చూసింది.

"ఈయన నౌకరీ ఉన్నన్ని రోజులు డీజిల్ షెడ్డు బట్టలు ఉతికిన. గిదేం వాసన బిడ్డా."

సంచీ పట్టుకుని లోపలికి నడిచింది. ఆయన మాత్రం కిటికీ తెరవమన్నాడు.

బండలు మిగిలాయి. మేడం రిటైరై కాప్రా చెరువు దగ్గర ఉంటున్నారు. ఆ అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూడవచ్చేవాళ్లకు దోమల సంగతి ముందే చెప్తారట. బ్రోకర్లు ఆవిణ్ణి చూసి సందు మారుస్తున్నారు.

ఆ అలవాటే నాకూ అంటుకుంది. లోపం చెప్పాకే తాళంచెవి చేతికిస్తాను. పెళ్లిచూపుల్లో నా గురక సంగతీ అలాగే చెప్పాను. సంబంధం తప్పిపోయింది. కానీ రాత్రిళ్లు హాయిగా నిద్ర పడుతోంది, గురకతో సహా.

ఇక ఇదిగోండి మీ గది తాళంచెవి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ తలుపు వెనకాల ఉంది.