చిన్న రికార్డు చివర మోగే గంట

మా చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మహేశ్వరం బస్సులో ఉన్నాను. పాల్మాకుల దగ్గర రోడ్డు దాటుతుంటే పాల వ్యాన్ గుద్దిందనీ, దవాఖానకు తీసుకుపోయే పని కూడా లేకపోయిందనీ తమ్ముడు చెప్పాడు. నేను వెళ్లేసరికి ఆ వ్యాన్ డ్రైవర్ రోడ్డు పక్కన కూలబడి, వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే మాట చెబుతున్నాడు.

"హారన్ కొట్టిన అక్కా. కొడుతనే ఉన్న. ఆయన ఇటు చూడనే లేదు."

చావు ఇంటికి వచ్చినవాళ్లు ఊరికే ఉంటారా? "జర చూస్కుంట నడవద్దా" అని ఒకరు, "మందు మీద ఉన్నడేమో" అని ఇంకొకరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడ్చేవాళ్ల మధ్య కొట్లాట ఎందుకని ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, వినండి. మా చిన్నాయన తాగి లేడు, పరాకుగానూ లేడు. ఆయనకు చెవులు వినపడవు. ఇంట్లోవాళ్లం తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. అది మాకు తెలిసింది కూడా ఒక ఇంగ్లిష్ పాట వల్ల.

నవ్వకండి. పెళ్లికి ముందెప్పుడో ఆయన ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బ్యాటరీలతో నడిచే రికార్డు పెట్టె ఒకటి కొన్నాడు. మూత మూస్తే సూట్‌కేసులా చేత పట్టుకుని పోవచ్చు. దాన్ని అమ్మినవాడు లోపల ఒక చిన్న రికార్డు మరిచిపోయాడు, ఒక్కో పక్కకు ఒక్క పాటే పట్టే రకం. గిటార్లు, డ్రమ్ములు, గొంతు చించుకుని అరిచే ఒక మనిషి. చిన్నాయనకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. కాలేజీలో చేరిన కొత్తలో నేను గొప్పకు పోయి అర్థం చెబుతానన్నాను. "వద్దు బిడ్డా, అర్థమైతే పాట పాడైతది" అన్నాడు.

ఆ పాట చివర, గిటార్ మోత సన్నగిల్లిపోతుండగా ఎవరో ఒక్కసారి చిన్న గంట కొడతారు. మేకపిల్ల మెడలో గంట ఎంత మోగుతుందో అంతే. పాట మొత్తం ఆయన ఆ గంట కోసమే వినేవాడని నా నమ్మకం. అది వినిపించగానే, కావలసిన బస్సు వచ్చినవాడిలా నిశ్చింతగా లేచేవాడు.

తర్వాత ఆయనకు ఎయిర్‌పోర్టులో, విమానాల్లోకి సామాన్లు ఎక్కించే పని దొరికింది. అదే పాట వేరే రూపంలో ఎక్కడ కనిపించినా కొనడం అప్పుడు మొదలైంది. ముందు పెద్ద రికార్డు, తర్వాత సీడీ, ఆ తర్వాత పాత చప్పుళ్లన్నీ శుభ్రం చేశామని అట్ట మీద రాసిన కొత్త సీడీ. ఆదివారం అన్నం తిని, చొక్కా విప్పి గచ్చు మీద కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి పెట్టేవాడు. మా చిన్నమ్మ వంటింట్లోంచి కేకలు పెట్టేది: "గదే పాట, గదే పాట! ఇల్లు అంటుకున్నా తెల్వదు నీకు."

ఆయనకు ఆ కేకలు పట్టేవి కావు. "చిన్న రికార్డుల డోలు దెబ్బ ఛాతి మీద పడ్తది. పెద్దదాంట్ల గిటార్ ఎక్కువ సేపు వాయిస్తడు, గంట దూరంకెళ్లి వినిపిస్తది. పాత సీడీ తోమిన గిన్నె లెక్క, ఏ వాసనా లేదు. కొత్తదాంట్ల అందరు ఒక్కపారే ఒర్లుతరు." నాకు అన్నీ ఒక్కలాగే ఉండేవి. ఆ మాటే అంటే కోపం చేసేవాడు కాదు. "తేడా తెలుస్తలేదా? మళ్ల పెడుత, విను." ఒకసారి విన్నదాన్ని ఓపికగా మళ్లీ వినవచ్చని నాకు నేర్పింది ఆయనే. నేను బడిలో పిల్లలకు చదువు చెబుతున్నాను. ఆ ఓపికతోనే ఈ ఉద్యోగం చేయగలుగుతున్నాను.

కొత్త సీడీలో గంట లేదని ఒక ఆదివారం పట్టుబట్టాడు. "కోసిండ్రు. శుభ్రం చేసుడంటే గిదేనా?" అని తిట్లు లంకించుకున్నాడు. దుకాణానికి పోయి గొడవ పెట్టుకుని ఇంకోటి తెచ్చాడు. అందులోనూ లేదన్నాడు. నాకు వినిపించింది. "ఉంది చిన్నాయనా" అన్నాను. "నీకు పాత గంట యాదికున్నది, గందుకే వినిపిస్తుంది" అన్నాడు. ఆయన అంత గట్టిగా చెప్పేసరికి నా చెవుల మీద నాకే అనుమానం వచ్చింది.

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం చిన్న రికార్డు పెట్టాడు. పాట అయిపోయింది, గంట మోగింది. ఆయన లేవలేదు. ముల్లు ఎత్తి, రికార్డును లుంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ మోగింది. ఆయన నా ముఖం వైపు చూశాడు.

"మోగిందా బిడ్డా?"

"మోగింది చిన్నాయనా."

ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు. "ఇగ సీడీని తిట్టి ఏం ఫాయిదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం రికార్డును కవరులో జాగ్రత్తగా పెట్టి, పెట్టె మూత మూశాడు.

పనిలో మోత తగలకుండా చెవులకు పెట్టుకోవాల్సిన డిప్పలను ఆయన మెడలోనే వేలాడేసుకునేవాడట, తోటివాళ్ల పిలుపులు వినిపించవని. ఇంజన్ల మోతకు నరం దెబ్బతిన్నదనీ, అది తిరిగి రాదనీ డాక్టర్ చెప్పాడు. చెవికి మిషన్ ఇచ్చారు. "గిన్నెలు మోగుతున్నయ్, ఫ్యాన్ మోగుతుంది, గంట మోగుతలేదు" అని దాన్ని తీసి సందుగలో పడేశాడు. రోడ్డు మీద పెట్టుకుంటే లారీల మోత మేకులు దిగేసినట్టు ఉంటుందనేవాడు. బయట ఎవరేమన్నా చిన్నగా నవ్వి తల ఊపేవాడు. చెవిటోడు అనిపించుకోవడం ఆయనకు చావుకంటే ఎక్కువ. ఆ పట్టుదలే ఆయన్ను తీసుకుపోయింది. ఆయన మీద నాకు ఇంకా కోపంగానే ఉంది.

పోయినవాళ్ల పేరిట పిట్టకు పెట్టే రోజు, చిన్నాయనను పాతిపెట్టిన బొందలగడ్డకు పోయాం. ఆకులో మాంసం, పూరీలు, పక్కన కల్లు, బీడీకట్ట పెట్టాం. కాకి ఒకటి వచ్చి గోడ మీద వాలింది కానీ దిగలేదు. పోయిన మనిషికి కోరిక మిగిలిపోతే పిట్ట ముట్టదని మా దగ్గర నమ్ముతారు. ఒక్కొక్కరు మొక్కినట్టు మాట ఇచ్చారు. ఆయన కొడుకు ఇల్లు పూర్తి చేస్తానన్నాడు, మా బాపు పిల్లల్ని చూసుకుంటానన్నాడు. కాకి కదలలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

"గా పాట పెట్టుండ్రి" అంది చిన్నమ్మ.

తమ్ముడు ఫోన్ తీశాడు. అందులో ఉండేది ఆ శుభ్రం చేసిన పాటే. నేను వద్దని చెప్పి, ఇంటికి పోయి ఆయన పెట్టె, చిన్న రికార్డు తెచ్చాను. మట్టి మీద పెట్టి ముల్లు దించాను. పాట సరిగ్గా చివరికి వచ్చేసరికి విమానం ఒకటి నెత్తి మీదుగా దిగుతూ పోయింది. దాని మోతలో ఏమీ వినపడలేదు.

"గంట కొట్టిండా?" అంది చిన్నమ్మ.

"వినపడలే చిన్నమ్మా."

"మళ్ల పెట్టు."

పెట్టాను. ఇన్నేళ్లూ ఆ పాటను తిట్టిన మనిషి, నేల మీద కూర్చుని పెట్టె దగ్గరకు చెవి వంచింది. ఈసారి అందరం విన్నాం, గంట మోగింది. చిన్నమ్మ తలెత్తి నన్ను చూసింది.

"గింతేనా? గింత దానికేనా?" అని, ఆయన పోయాక మొదటిసారి బావురుమంది.

కాకి మెడ పక్కకు వంచి గోడ మీదే ఉంది. ముల్లు చివరి గీతలో గరగరమంటూ తిరుగుతూనే ఉంది, దాన్ని ఎత్తడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు.