తాగేవారి సంఖ్య

సమ్మయ్య కాకా నీళ్లను నమ్మేవాడు కాదు. భూగర్భ గనిలో పంపు దగ్గర ఇరవై ఆరేళ్లు కాంట్రాక్టు కూలీగా పనిచేసిన మనిషి. "బొగ్గు పెళ్లలు ఊడితే చప్పుడొస్తది రోజమ్మా, ఉరుకన్న ఉరుకుతం. నీళ్లు చప్పుడు చెయ్యకుంట మోకాళ్లకొస్తయి" అనేవాడు. గని మానేశాక మా ల్యాబులో అటెండరుగా చేరాడు. కారఖానాల వల్ల పాడైన నేలనీ నీళ్లనీ పరీక్షించే సర్కారు ల్యాబు మాది. నేనక్కడ అనలిస్టుని, కాంట్రాక్టు మీదే. పేరు రోజారాణి. మా అందరిలో పని బాగా తెలిసింది ఆయనకే, సిబ్బంది జాబితాలో చివరి పేరూ ఆయనదే.

శాంపిల్ పట్టడం ఆయన దగ్గరే చూడాలి. ఏ నీళ్లు పట్టాలో ఆ నీళ్లతోనే సీసాని మూడుసార్లు తొలిచి పారబోస్తాడు. నాలుగోసారి నిండా పట్టి, కొన్ని చుక్కల యాసిడ్ వేసి, మూత బిగించి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని లేబుల్ రాస్తాడు. ఐసు పెట్టె భుజాన వేసుకున్నాక ఇక వెనక్కి తిరిగి చూడడు. ఎందుకని అడిగితే విసుక్కున్నాడు. "మల్ల చూస్తే అవి మనల్ని గుర్తుపెట్టుకుంటయి" అన్నాడు. నేను నవ్వాను. అప్పటికి నేనింకా స్తంభాలగూడెం చూడలేదు.

పినపాక దాటి లోపలికి పోతే అడివి అంచున ఉంటుంది ఆ ఊరు. ఒకప్పుడు అక్కడ కర్రలకు మందు పట్టించే కంపెనీ ఉండేది. కరెంటు స్తంభాలకూ, గనుల్లో పైకప్పుకు ఆనించే దుంగలకూ చెద పట్టకుండా పెద్ద తొట్లలో మందు పోసి ముంచేవాళ్లు. ఆ మందులో పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, ఉంటుంది. కంపెనీ మూతపడి పదిహేనేళ్లయింది. మిగిలిన మందంతా ఒక గుంటలో పోసి, పైన మట్టి కప్పి, యజమాని ఎటో వెళ్లిపోయాడు. కూలీలు మాత్రం ఎటూ పోలేక అక్కడే ఉండిపోయారు. నలభై ఇళ్లు. సమ్మయ్య చెల్లెలు పిచ్చమ్మది అందులో ఒకటి. ఆమె భర్త ఆ తొట్ల దగ్గరే పనిచేసి, కంపెనీకంటే ముందే పోయాడు.

నేను మొదటిసారి వెళ్లింది ఎండాకాలం మధ్యాహ్నం. అమ్ముడుపోని స్తంభాలు వందల కొద్దీ యార్డులో నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉన్నాయి. పదిహేను వానాకాలాలు తడిసినా ఒక్కటీ పుచ్చలేదు. వాటి మీద ఒక తీగ పాకలేదు, ఒక పిట్ట వాలలేదు. పిచ్చమ్మ నాకు చాయ్ ఇస్తూ కాస్త చక్కెర గడప దగ్గర ఒలకబోసింది. నేను చాయ్ తాగి, శాంపిళ్లు పట్టించి, రెండు గంటల తర్వాత తిరిగొచ్చినా ఆ చక్కెర అట్లాగే ఉంది.

"మా ఊళ్ల చీమలుండయమ్మా. చెద గూడ లేదు" అంది పిచ్చమ్మ గొప్పగా.

అప్పుడు చుట్టూ చూశాను. ఒక్క పుట్ట లేదు. చుట్టూ అడివి ఉండి పుట్ట లేని ఊరు నేనెక్కడా చూడలేదు. గోడవార ఎప్పుడో చచ్చిన బల్లి ఎండిపోయి, ఏ పురుగూ ముట్టకుండా తోకతో సహా పడుంది. చాయ్ ఏ నీళ్లతో కాచిందో అడగాలని అప్పుడు గాని తోచలేదు.

ఆ ఊరి బావి నీళ్లు అద్దంలా ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు, పైగా తియ్యన. ల్యాబులో చూస్తే పాషాణం ఉండాల్సిన దానికి నలభై రెట్లుంది. కాగితం చదివి వినిపించగానే సమ్మయ్య స్టూలు మీద కూలబడ్డాడు. పిచ్చమ్మ అరచేతుల నిండా గట్టిపడిన చిన్న చిన్న కాయలు, మెడ కింద దుమ్ములో చినుకులు పడ్డట్టు మచ్చలు. ఊళ్లో సగం మందికి అంతే. రెక్కలు ముక్కలు చేసుకునే వాళ్లకు చేతులు కాయలు కాయవా అని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నారు.

ఆయన ఆ ఆదివారమే పోయి ఇంటింటికీ చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "గింత తేటగున్న నీళ్లకు పేరు పెడతవేందన్నా?" అని చెల్లెలే కసిరింది. వాళ్ల బాధా వాళ్లది. అది అటవీ భూమి కాబట్టి నల్లా పైపు రోడ్డు దగ్గరే ఆగిపోయింది. బావి మానుకుంటే నెత్తిన బిందెలతో కిలోమీటరున్నర నడిచి వాగుకు పోవాలి.

కాకాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఉపాయం దాని పక్కనే ఉంటుంది. మరుసటి వారం పోయి చెల్లెలి చెవిలో ఒక మాట వేశాడు. తాను శాంపిల్ పడుతుంటే మిట్టమధ్యాహ్నం బావి గట్టు మీద తడిజుట్టు ఆడమనిషి కూర్చుని ఉందనీ, "నీది ఎన్నో బిందె?" అని అడిగిందనీ, జవాబు రాక తాను పారిపోయి వచ్చాననీ.

ఆ ప్రశ్న ఆయన ఊరికే పుట్టించలేదు. స్తంభాలగూడెంలో ఒక పద్ధతి ఉంది. ఎండలు ముదిరి ఊట తగ్గితే ఇంటికి మూడు బిందెలు వంతు. కాపలా ఎవరూ ఉండరు. తోడుకున్న మనిషే "ఒకటి, రెండు, మూడు" అని గట్టిగా చెప్పి పోవాలి. నీళ్ల దగ్గర అబద్ధమాడితే ఊట చస్తుందని వాళ్ల నమ్మకం. పెళ్లాంతో రోజుకు పది అబద్ధాలాడే మొగవాడు కూడా బిందెల లెక్క తప్పు చెప్పడు. అట్లాంటి చోట లెక్క అడిగే దయ్యమంటే మాటలా? పది రోజుల్లో బావి మీద రేగుకంప పడింది. ఊరు ఊరంతా వాగు బాట పట్టింది.

ఈ సంగతి చెప్పి కాకా పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. మా రిపోర్టు చేయలేని పని ఆయన దయ్యం చేసింది. కానీ ఆరు నెలల తర్వాత చెల్లెలింటికి పోయివచ్చిన రోజు ఆయన మొహంలో నవ్వు లేదు.

"గా దయ్యాన్ని నలుగురు చూసిన్రంట రోజమ్మా. కుడిచేతికి పచ్చ గాజులంట. ఎడమ చెయ్యి బోసిగ ఉంటదంట. గాజుల ముచ్చట నేను చెప్పలే."

"భయంలో ఏదో అనుకుని ఉంటారు కాకా" అన్నాను.

"అవ్, గట్లనే అయ్యుంటది" అన్నాడు గాని, తొలిచిన సీసానే మళ్లీ తొలుస్తూ కూర్చున్నాడు.

ఆ మరుసటేడు సర్వే వచ్చింది. మా పరిధిలో ఇట్లా పాడైన చోట్లు పదకొండు తేలాయి. అన్నిటినీ ఒకేసారి బాగుచేయలేరు కాబట్టి మార్కులు వేసి వరుస పెడతారు. ఈసారి మొదటి రెండింటికే పని. మార్కులు వేయడానికి వచ్చిన ఇంజినీరు జయప్రకాశ్ సారు మంచివాడే, కాకపోతే కాగితం గీసిన గీత దాటడు. ఫారంలో నీళ్లకు విడిగా, మట్టికి విడిగా మూడేసి భాగాలు. విషం ఎంత చెడ్డది, ఏ దారిన కదులుతోంది, ఎవరి కడుపులో పడుతోంది. ఈ మూడింటి మార్కులనూ కలపరు, గుణిస్తారు.

"ఈ బావి నీళ్లు ఎంతమంది తాగుతారమ్మా?" అని అడిగాడు సారు.

"ఎవ్వలం తాగం సార్" అంది పిచ్చమ్మ.

"వంటకైనా?"

"ముట్టుకోం సార్. వాగు నీళ్లే."

వాగు నీళ్లు పరీక్షిస్తే మంచివని తేలింది. అంటే విషమున్న నీళ్లు ఎవరూ తాగడం లేదు, తాగే నీళ్లలో విషం లేదు. 'తాగేవారి సంఖ్య' అన్న గడిలో సారు సున్నా వేశాడు. దాన్ని కంప్యూటరుకెక్కించింది నేనే. దేన్నయినా సున్నాతో గుణిస్తే ఏమొస్తుందో మూడో తరగతి పిల్లలకూ తెలుసు. నీళ్ల భాగం మొత్తం కొట్టుకుపోయి, మట్టికి పడిన కొద్ది మార్కులతో స్తంభాలగూడెం తొమ్మిదో స్థానంలో నిలిచింది.

మందు గుంట ఉన్నది ఊరికీ వాగుకీ మధ్యలో. విషం ఏటా కొన్ని గజాలు వాగువైపు జరుగుతోందని మేం వేసిన బోర్లే చెబుతున్నాయి. ఇప్పుడు ఆ మట్టి ఎత్తకపోతే నాలుగైదేళ్లలో వాగూ పోతుంది. తర్వాత ఆ నలభై ఇళ్లకు తాగడానికి ఏమీ మిగలదు. అదే మాట సారుతో అన్నాను.

"చేరబోతోంది అన్నదానికి ఇందులో గడి లేదు రోజారాణీ. చేరిందా లేదా అన్నదే ఉంది" అన్నాడు. ఆయన మొహం కూడా బాగాలేదు.

సమ్మయ్య ల్యాబు వెనక మెట్ల మీద కూర్చుని తల కొట్టుకున్నాడు. "నా నోటితోటి నేనే సున్నా ఏసిన. గా దయ్యం ముచ్చట చెప్పకపోతే తాగుతుండిరి, తాగుతున్నమని చెబుతుండిరి" అన్నాడు. తాగకపోవడమే తప్పైన లెక్క నేనూ అప్పుడే చూస్తున్నాను.

ఆయన జయప్రకాశ్ సారు వెంటపడి మళ్లీ తనిఖీకి ఒప్పించాడు. మూడు వారాల్లో వస్తానన్నాడు సారు. "నాతో అబద్ధం మాత్రం రాయించొద్దు సమ్మయ్యా. ఈసారి మనుషుల మూత్రం, గోళ్లు కూడా పరీక్షకు తీసుకుంటాం" అన్నాడు. అయినా కాకా వినలేదు. నన్ను వెంటబెట్టుకుని చెల్లెలి దగ్గరికి పోయి, మార్కుల సంగతీ, మూత్రం గోళ్ల పరీక్షల సంగతీ విడమరిచి చెప్పాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

"తాగుతున్నం అని ఒక్క మాట చెప్పున్రి. ఒక్క మాటనే. తాగుమంటలేను."

పిచ్చమ్మ అన్న మొహంలోకి చూసింది. "నీళ్ల మీద అబద్ధమాడమంటవా?"

"ఆడితే ఏమైతదే?"

"ఊట చస్తది. గుంటెడు జాగ గూడ లేనోళ్లం, ఊట గూడ చంపుకోవాల్నా?"

ఎంత బతిమాలినా ఆ ఒక్క మాటకు ఎవరూ ఒప్పుకోలేదు. కాకా తిట్టుకుంటూ బయటికి వచ్చాడు. మొండిఘటాలని నేనూ విసుక్కున్నాను. వాళ్లింకేం ఆలోచిస్తారో మా ఇద్దరికీ తట్టలేదు.

ఏప్రిల్ మూడో వారంలో తనిఖీకి వెళ్లాం, నేను, కాకా, జయప్రకాశ్ సారు. జీపు ఆగాక గాలి కూడా లేదు. ఇళ్లలో ఎవరూ కనబడలేదు, కుక్క కూడా మొరగలేదు. స్తంభాల నీడలు పొట్టిగా వాటి కాళ్ల దగ్గరే పడున్నాయి. బావి వైపు నడిచాం. రేగుకంప పక్కకు లాగేసి ఉంది. గిలకకు కొత్త తాడు. ఊళ్లో ఆడవాళ్లంతా బిందెలతో వరుసగా నిలబడి ఉన్నారు. ఒకామె తోడుకుని, "మూడు" అని గట్టిగా చెప్పి పక్కకు జరిగింది. బిందె వంచి దోసిలి పట్టి, మా ముందే తాగింది.

"ఏం చేస్తున్నరే!" అని సమ్మయ్య కేకేశాడు.

పిచ్చమ్మ వరుసలోంచి ముందుకొచ్చింది. "ఇరవై దినాలసంది ఇవే తాగుతున్నం సార్. వంట గూడ వీటితోనే. పిల్లలకు మాత్రం వాగు నీళ్లే పోస్తున్నం, వాళ్లను లెక్కల రాయకున్రి. మిగిలినోళ్లం నూటా పదకొండు మందిమి. మూత్రం పట్టుకపోతరో, గోర్లు కోసుకపోతరో మీ ఇష్టం. అబద్ధమైతే చెప్పలే."

అబద్ధం ఆడనన్నవాళ్లు దాన్ని నిజం చేసి పెట్టారు. కాకా ఐసు పెట్టె కింద పడేసి, చెల్లెలి రెండు చేతులూ పట్టుకున్నాడు. "దయ్యం లేదు, గియ్యం లేదు చెల్లే. మీతోటి బాయి మాన్పిద్దామని నేనే పుట్టిచ్చిన. నా మాట ఇనండి, ఆపున్రి" అని అందరి ముందూ ఏడ్చేశాడు.

ఆమె ఆశ్చర్యపోలేదు. "నువ్వు పుట్టిస్తివో, అదే వచ్చెనో. రోజూ గీడనే కూసుంటది" అని గట్టు మీద ఎడమవైపు చూపించింది. "లెక్క అడుగుడు మానేసిందన్నా. తాగొద్దు తాగొద్దని చెయ్యి ఊపుతది. మేమే ఇంటలేం."

వరుసలో ఉన్న ఆడవాళ్లు అవునన్నట్టు తలలూపారు. ఆమె చూపించిన చోట గట్టు తడిగా ఉంది, మనిషి కూర్చునేంత మేర. చుట్టూ రాయి కాలిపోతోంది. తోడేటప్పుడు తొణికిన నీళ్లే అయి ఉంటాయి. నేను ఆ మాటే నాకు చెప్పుకున్నాను, కానీ ఆ వైపు నిలబడలేకపోయాను.

జయప్రకాశ్ సారు ఫారం తెరిచి కలం తీశాడు. తనిఖీ నాడు ఎంతమంది తాగుతుంటే అంత రాయాలన్నది నియమం. నూటా పదకొండు అని రాశాడు. రాసి, "ఇవాళ్టి నుంచి ఆపేయండమ్మా, మీకు దండం పెడతాను. ట్యాంకరుకు నేనే రాస్తాను" అన్నాడు.

"జాబితా వచ్చేదాక ఆపం సార్. నడుమల ఇంకో సారు వచ్చి అడిగితే ఏం చెప్పాలె?" అంది పిచ్చమ్మ. ట్యాంకరు నాలుగుసార్లు వచ్చింది. ఆ నీళ్లు పిల్లలకు పెట్టుకున్నారు.

జూన్‌లో జాబితా వచ్చింది. కాకా నన్ను బండి మీద ఎక్కించుకుని స్తంభాలగూడెం తీసుకుపోయాడు. పిచ్చమ్మ బిందెతో ఎదురొచ్చింది. ఆ రెండు నెలల్లో మెడ కింది మచ్చలు భుజాల మీదికి పాకాయి. నేను చూపు తిప్పుకున్నాను.

"ఎన్నో నంబరొచ్చిందన్నా?"

"రెండు. వానలు ఎల్లినంక పని మొదలువెడతరు. ఇగ బాయి మూసెయ్యున్రి."

ఆమె బిందె దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. సంతోషపడుతుందనుకున్నాను.

"మరి ఒకటో నంబరు ఎవలది?"

"ఏదో ఊరు, పట్నం దిక్కు."

"వాళ్లెన్ని దినాలు తాగిన్రో పాపం" అంది పిచ్చమ్మ.