మరిడమ్మ నాటిన టెంక

మా నాయనమ్మ మరిడమ్మ చదువుకోలేదు, కాకినాడ దాటి ఎరగదు. సముద్రపు ఒడ్డున కూచుని పన్నెండేళ్ళు ఒక మామిడిచెట్టుతో వేగింది. ఆవిడ గురించి చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సంగతే.

అప్పట్లో ఆవిడ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కాలవగట్టు వెంట రైతుల ఊళ్ళకు వెళ్ళి, చేపలిచ్చి ధాన్యం తెచ్చుకునేది. ఒక వేసవిలో మహాలక్ష్మమ్మగారనే రైతు ఇల్లాలు, కొసరు చేపలు అడిగి పుచ్చుకుని, బదులుగా ఒక కొబ్బరిమామిడి పండు చేతిలో పెట్టింది. నాయనమ్మ గట్టు మీదే కూచుని తొక్కతో సహా తినేసింది. ఇంత తీపి మా పల్లెలో ఒక్క నోటికైనా తెలుసా అనుకుని, టెంక కొంగున కట్టుకుని ఇంటికొచ్చింది.

టెంక ఎండిపోతే మొలవదు. అందుకని రాగానే కత్తిపీట మీద పెంకు చీల్చి, లోపలి జీడి తీసి పగిలిన కుండలో పాతింది. మా ఇసకలో ఏం మొలుస్తుంది, నా మొహం! వెళ్ళిన ప్రతిసారీ ధాన్యం మూటతో పాటు కాలవ ఒండ్రు కూడా మోసుకొచ్చేది. ఇరవై రోజులకు రాగిరంగు ఆకులతో మొలక లేచింది. కుండ చాలనప్పుడు, పెరట్లో చేపలు ఎండేసే జాగా పక్కన గొయ్యి తీసి, దాన్నిండా ఒండ్రు పోసి నాటింది.

అక్కడే వచ్చింది తంటా. "చేపలెండే కాడ చెట్టేంటే? నీడ పడితే పురుగు పట్టదా?" అని అత్తగారు పెద్దింట్లమ్మ రోజూ సాధించేది. చెట్టు కూడా అలాగే ఏడిచింది. ఆకుల చివళ్ళు మాడిపోయేవి, పూత లేదు, నీడ మాత్రం పెరిగింది. తొమ్మిదో ఏట రెండు గంపల చేపలు ఆరక కుళ్ళిపోయాయి. మా తాత సత్తియ్య గొడ్డలి తీశాడు.

నాయనమ్మ కాళ్ళావేళ్ళా పడి, కొట్టే ముందు ఆనవాయితీ జరిపించాలని ఒప్పించింది. కాయని చెట్టును గొడ్డలితో బెదిరించడం మా పక్క ఉన్నదే. ఒకరు గొడ్డలెత్తి "కాస్తావా, కొట్టెయ్యనా?" అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు చెట్టు తరఫున "కాస్తానయ్యా, వదిలెయ్యి" అని పూచీ పడాలి. పూచీ పడితే ఆ చెట్టును ఇంకెవరూ ముట్టుకోరు. మా ఇంట్లో పెద్ద అంటే పెద్దింట్లమ్మే. ఇంకేం, చెట్టు పని అయిపోయినట్టే!

తాత గొడ్డలెత్తి అడిగాడు. పెద్దింట్లమ్మ తల దించుకుంది. మళ్ళీ అడిగాడు. ఆవిడ కాలి బొటనవేలితో ఇసక గీస్తోంది.

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క మాటను!" అని నాయనమ్మ భోరుమంది.

తాత దెబ్బ వెయ్యబోయేసరికి ముసలావిడ గబుక్కున వెళ్ళి చెట్టును వాటేసుకుంది.

"ఆగరా సత్తియ్యా! ఇంత చాకిరీ చేసినా కాయనిది, రేపు కాత్తాదని ఏ నోటితో పూచీ పడనురా? చేపల నీళ్ళు పోత్తే చెట్టు బలుత్తాదన్నారని, మీరు చూడకుండా రోజూ పోత్తన్నాను."

"ఏ నీళ్ళే అమ్మా?"

"ఏ నీళ్ళేంటి? చేపలు ఉప్పులో ఊరేసిన బానలో నీళ్ళు. ఆకులు మాడతన్నాయని ఇంకో చెంబుడు ఎక్కువే పోసేను."

తాత గొడ్డలి దించి గోడకు ఆనించాడు. నాయనమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వారం రోజులు అత్తగారితో మాట్లాడలేదు. పెద్దింట్లమ్మ మాత్రం ఆ పూటే చెట్టుకు పూచీ పడింది. అప్పట్నుంచి మంచినీళ్ళ నూతి నుంచి తనే బిందెలు మోసి పోసింది.

ఆ తర్వాత మూడో ఏట చెట్టు కాసింది. ముదిరిన కాయలు నాలుగు గడ్డిలో మగ్గబెట్టి, మొదటి పండు నాయనమ్మ నోట పెట్టుకుంటే, బాబోయ్, పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి! టెంక నుంచి మొలిచిన చెట్టుకు తల్లిచెట్టు రుచి రావాలని లేదు. ఆ సంగతి ఆవిడకు ఎవరు చెప్పారు గనక? పన్నెండేళ్ళ ఆశ. పండు చేత్తో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

పెద్దింట్లమ్మ ఓదార్చలేదు. చెట్టు మీద మిగిలిన పచ్చికాయలు కోసి, ఎండుచేపల్లో వేసి కూర వండి కోడలి కంచంలో వడ్డించింది. కోడలు ఏడుస్తూనే మూడుసార్లు అన్నం పెట్టించుకుని కలుపుకుంది.

అప్పుడు ముసలావిడ ఆ పుల్లపండు టెంక తీసి, తనే కత్తిపీట మీద చీల్చి, పగిలిన కుండలో పాతి, కుండను కోడలి ముందుకు జరిపింది.

"ఈసారి నీళ్ళు నువ్వే పొయ్యవే. నాది ఉప్పు చెయ్యి."