డయల్ టోన్

ఆదోనిలో లెక్కలు చెప్పే జయతీర్థ మాస్టారు, జారే కళ్లద్దాలను ముంజేత్తో పైకి తోసుకుంటూ, పాత లాప్‌టాప్‌లోని, ఫోన్ లైను మీద ఇంటర్నెట్ కలిపే మోడెంను లినక్స్‌లో పలికించాలని పదకొండు రోజులుగా కుస్తీ పడుతున్నాడు. కూతురు వైజయంతి కాలేజీ సీటుకు ఆప్షన్లు పెట్టడానికి ఇవాళ ఐదింటికే ఆఖరు.

"నెట్ సెంటరుకు పోతాండానప్పా!"

"ఉండమ్మా, మోడెం డ్రైవరు ఎక్కించినా. ఇంట్లోనే అయిపోతాది."

నాలుగున్నరకు మోడెం కదిలింది గాని, డయల్ టోన్ లేదంది. ఫోనెత్తితే టోన్ నిక్షేపంగా వినిపిస్తోంది. లాప్‌టాప్‌కు ఫోన్ వైరు గుచ్చే రంధ్రంలోకి టార్చి వేసి చూశాడు. ఎనిమిదేళ్ల కుంకుమ గడ్డకట్టి ఉంది. ఊరికే పడివున్న రంధ్రం కదా అని, ఏటా ఆయుధపూజకు ఉంగరపువేలితో అందులోనే బొట్టు పెట్టింది తానే. పిన్నీసు అందుకున్నాడు. పూజ కుంకుమను మైలచేత్తో గీకడానికి మనసొప్పలేదు. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేసరికి గుమ్మం దగ్గర వైజయంతి చెప్పులు లేవు.