దిద్దించే చెయ్యి

కైకలూరులో మర్యాదకు లోటు లేదు. మనిషిని గుమ్మంలోంచి గెంటేయాలన్నా ముందు "ఏమీ అనుకోకండి" అంటారు. గంగారత్నం పనిచేసే ప్రైవేటు బడి ప్రిన్సిపాల్ జ్ఞానప్రసూనాంబ గారు ఆ విద్యలో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివారు. ఆయాను కూడా "మీరు" అంటారు. పోయిన శీతాకాలంలో గంగారత్నం భర్త నాగదుర్గారావు రొయ్యల చెరువులో నీళ్ళకు గాలి ఆడించే ఏరియేటర్ బాగుచేస్తూ కరెంటు కొట్టి పోయినప్పుడు, ఆవిడ స్వయంగా కారులో వచ్చారు. గడప తొక్కకుండా వీధిలోనే నిలబడి, కళ్ళు ఒత్తుకుని, వెళ్ళిపోయారు.

వేసవి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి కొత్త పిల్లల్ని చేర్పించే పని టీచర్లదే. ఆ ఏడు, టీచర్లంతా పెద్ద మేడం అని పిలిచే ప్రిన్సిపాల్ గారు గంగారత్నాన్ని ఏరికోరి కొల్లేటి పల్లెలకు పంపారు.

"మీరు వెళ్తేనే బాగుంటుందండీ. మీ కష్టం వింటే ఎవరి మనసైనా కరుగుతుంది. పైగా వాళ్ళంతా మీవాళ్ళేగా."

"ఎల్‌కేజీ నాకే ఇస్తారాండీ?" అని అడిగింది గంగారత్నం.

"మీకు కాక ఇంకెవరికండీ? మీరు తెచ్చిన పిల్లలు, మీ క్లాసు."

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. కూతురు తేజశ్రీ ఆ ఏడే బడిలో చేరుతోంది. కొత్త పిల్లలందరికీ కలిపి అక్షరాభ్యాసం బడి తెరిచిన రోజే, ఎల్‌కేజీ గదిలోనే చేయిస్తారు. ఒక్కో పిల్ల చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించేది ఆ క్లాసు టీచరే. నాగదుర్గారావు చదువుకోలేదు. కూతురు పుట్టిన నాటినుంచీ, "దీనికి ఓనమాలు నువ్వే దిద్దించాలే. నా చెయ్యి పడిందంటే నాలాగే చెరువుగట్ల ఎంట తిరుగుద్ది" అని నవ్వేవాడు. ఆయన పోయాక గంగారత్నానికి మిగిలిన ముచ్చట అదొక్కటే. దానికోసమే ఆ ఎండల్లో తిరిగింది.

ఊరూరా ఒకే కథ చెప్పింది. చెరువు, తీగ, తడి చేతులు. ఆడవాళ్ళు మజ్జిగ ఇచ్చి, ముక్కు చీది, పిల్లల్ని చేర్చడానికి ఒప్పుకున్నారు. "మీ చేత్తోనే దిద్దించండి మేడం" అని కూడా అన్నారు. భర్త చావును కరపత్రంలా ఇంటింటికీ పంచడం ఎలా ఉంటుందో ఆమెను ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతుంది?

బడి తెరవబోయే ముందు గదిని చేతిలోకి తీసుకుంది. సెలవుల్లో విరిగిన బల్లలన్నీ అందులో పడేశారు, కిటికీలో పావురాలు గూడు పెట్టాయి. అన్నీ బయటికి మోసి, నేలను బ్రష్షుతో తోమింది. చిన్నపిల్లల కుర్చీలను ఒక్కొక్కటీ అరచేత్తో తడిమి చూసి, ఎక్కడైనా మేకు తగిలితే సుత్తితో కొట్టింది. గోడల మీద పిల్లల ఎత్తులో గూడబాతుల్నీ పడవల్నీ బొమ్మలు వేసింది. రంగు అట్టలను చేప ఆకారంలో కత్తిరించి, పిల్లల పేర్లు రాసి తలుపు పక్కన అంటించింది. తేజశ్రీ పేరున్న చేపకు కళ్ళు కాస్త పెద్దవి పెట్టింది. అంత స్వార్థం ఉండాలి మరి, తల్లికి.

గది సిద్ధమైంది గాని, తను సిద్ధం కావడమే కుదరలేదు. అద్దం ముందు నిలబడితే బొట్టు లేని మొహం. పెట్టుకుంటే ఒక మాట, పెట్టుకోకపోతే పిల్లలు "మేడం బొట్టేదండీ?" అంటారు. ఒకటో తరగతి టీచర్ జాయ్సీని అడిగింది.

"పెట్టుకోండి గంగారత్నం గారూ," అంది జాయ్సీ. "మా ఆయన గుండ్రాయిలా ఉన్నాడు, నేను పెట్టుకోను. నన్నెవరైనా అడుగుతున్నారా? ఎవరేమన్నా నేను మాట్లాడతాను."

ఆ ధైర్యంతో బడి తెరిచిన రోజు చిన్న నల్లబొట్టు పెట్టుకుంది. యూనిఫాం చీర కట్టి, కూతురికి కొత్త గౌను వేసి, అందరికంటే ముందే వచ్చి, పలకల అంచులకు పసుపు రాసి, పళ్ళెంలో బియ్యం పోసి, బలపాలు పేర్చింది. పల్లెల నుంచి ఆటోల్లో తల్లులు దిగారు. జ్ఞానప్రసూనాంబ గారు పట్టుచీరలో వచ్చి గదంతా కలియజూశారు.

"ఎంత బాగా చేశారండీ! గుడిలా ఉంది." తర్వాత ఆవిడ చూపు గంగారత్నం నుదుటి మీద ఆగింది. గొంతు ఇంకా మెత్తబడింది. "ఏమీ అనుకోకండి. నాకు ఇలాంటి పట్టింపులు లేవు, మీకు తెలుసుగా. తల్లులే, పాపం, నోరు తెరిచి చెప్పలేక నా దగ్గరకొచ్చారు. పసివాళ్ళకు శుభమా అని మొదటి అక్షరం కదండీ. బుక్స్ రూంలో టైలూ బెల్టులూ సైజుల వారీగా సర్దాలి. అంతా అయ్యాక పిలుస్తాను."

గంగారత్నం తల్లుల వైపు చూసింది. మజ్జిగ ఇచ్చిన చేతులన్నీ పిల్లల జడలు సవరించుకుంటున్నాయి. జాయ్సీ వైపు చూసింది. జాయ్సీ హాజరుపట్టీ తెరిచి అందులో తల దూర్చింది.

"మా పాపకొక్కదానికైనా నేను..." అంది గంగారత్నం.

"దానికైతే మరీ జాగ్రత్తగా ఉండాలండీ. ఇప్పటికే ఆ పిల్లకు ఏం మిగిలింది గనక?"

పైకి చూస్తే ఒక్క పరుషమైన మాట లేదు. కత్తి పెట్టి పొడిచినా కాస్త నెత్తురు కనబడేది, నలుగురూ అయ్యో అనేవారు. ఆమె తలవంచుకుని వెళ్ళి బుక్స్ రూంలో కూర్చుంది.

వరండాలో మైకు పెట్టించారు. పంతులుగారు మంత్రాలు చదవడం, ఒక్కో పేరూ పిలవడం, పెద్ద మేడం "ఓ... న... మః" అని దిద్దించడం, తల్లులు చప్పట్లు కొట్టడం బెల్టుల మధ్య కూర్చుని వింది. తేజశ్రీ పేరు పిలిచారు. "అమ్మేదీ?" అని కూతురి గొంతు మైకులో గట్టిగా వినబడింది. గంగారత్నం తలుపుదాకా వెళ్ళింది. అవతల ఎవరో మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు. కాసేపటికి చప్పట్లు వినిపించాయి. ఆమె వెనక్కొచ్చి బెల్టులు లెక్కకట్టడం మొదలెట్టింది. గడప దాటి ఉంటే బాగుండేదని ఆమె ఈరోజుకీ అనుకుంటుంది.

తల్లులు వెళ్ళిపోయాక పెద్ద మేడం తలుపు తీసి, "ఇక మీ క్లాసు మీదేనండీ" అన్నారు నవ్వుతూ.

పిల్లలు పలకలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేలంతా బియ్యం గింజలు. గంగారత్నం కళ్ళు కడుక్కుని వచ్చి, ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, చెయ్యి పట్టుకుని మళ్ళీ దిద్దించింది. పిల్లలకు సరదాగా ఉంది. చెయ్యి చెయ్యే, వాళ్ళకు తేడా ఏముంది? మొదటి అక్షరం కాకపోతే రెండోది, పోనీలే అనుకుంది. కూతుర్ని కావాలనే చివరికి ఉంచింది, బాగా ఇష్టమైన ముద్దను కంచంలో చివరికి దాచుకున్నట్టు.

తేజశ్రీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపింది. పిల్ల బలపాన్ని గుప్పిట్లో బిగించి వీపు వెనక్కి దాచేసింది.

"ఏమ్మా, అమ్మకివ్వవా?"

"నువ్వు పట్టుకోకూడదంట." తేజశ్రీ మొహంలో కోపం లేదు, కొత్తగా నేర్చుకున్న పాఠం అప్పజెప్పే శ్రద్ధ ఉంది. "నువ్వు పట్టుకుంటే నాకు చదువు రాదంట. పెద్ద మేడం చెప్పింది."

ఇందాకే గంగారత్నంతో నవ్వుతూ దిద్దిన పక్క కుర్చీ పిల్ల ఆ మాట విని, తన పలక వైపు చూసుకుని, అరచేత్తో గబగబా తుడిచేసింది. దాన్ని చూసి మిగతావాళ్ళూ తుడవడం మొదలెట్టారు.