కాంటాల పాండురంగం విమానానికి తూకం పెట్టిన కథ

వరంగల్ మార్కెట్ దగ్గర కాంటాలు రిపేరు చేసే పాండురంగానికి ఒక రోగముంది. ఏది చేతికొచ్చినా మధ్యలో వేలు పెట్టి నిలబెట్టి చూస్తాడు. గరిటె, గొడుగు, ఒకసారి పెళ్లివిందులో అరటిపండు కూడా. కాంటా దండె నడిమధ్యలో వేలాడాలి, రెండు తట్టలూ సమంగా నిలవాలి. ముప్పై ఏళ్లుగా అదే పని. ఎలక్ట్రానిక్ కాంటాలొచ్చి పని తగ్గింది గానీ రోగం తగ్గలేదు.

కూతురు యమున తొమ్మిదో తరగతి. శనివారం బడిలో సైన్స్ పోటీ. తను చేసిన థర్మాకోల్ విమానం చేత్తో విసిరితే గ్రౌండు దాటాలి. దాటితేనే జిల్లా పోటీకి పేరు రాస్తారు.

విమానానికి తూకం కుదరాలని యమున అనేసరికి తండ్రి దాన్ని లాక్కున్నాడు. ముక్కు నుంచి తోక దాకా టేపుతో కొలిచి, సరిగ్గా సగంలో గీత గీశాడు. ఆ గీత కింద వేలు పెడితే కదలకుండా నిలిచేదాకా తోకకు వాషర్లు అంటించాడు.

"సూడు బిడ్డా, ఎంట్రుకంత తేడా లేదు."

శుక్రవారం సాయంత్రం మడికొండలో ఇంటి వెనక ఖాళీ ప్లాటులో విసిరారు. విమానం ముక్కు పైకెత్తింది, ఇంకా ఎత్తింది, గాల్లో ఒక క్షణం ఆగి దబ్బున పడింది. రెక్క విరిగింది.

గోడ మీంచి చూస్తున్న భార్య శోభారాణి అంది: "ఏందయ్యా, అది ఎగురతాందా, గోడెక్కుతాందా?"

"గాలి మంచిగ లేదు."

"గాలి మంచిగనే ఉంది బాపూ," అంది యమున. "ఇది కాంటా కాదు. బరువు నిలిచే జాగ రెక్క ముందు భాగంల ఉండాలె. నువ్వు ఎనకకు తెచ్చినవ్. ఇగ ముక్కు జరంత లేస్తే లేస్తనే ఉంటది, దించేది ఏం లేదు."

"ముందట బరువు పెడితే ముక్కు వంగదా?"

"వంగుతది. ఎనక చిన్న రెక్క ఉందిగా, దాన్ని గాలి కిందికి నొక్కుతది. ముక్కు మళ్ల లేస్తది. గట్లైతేనే నిలకడ."

"అంటే ఒకదిక్కు మొగ్గు పెట్టమంటున్నవ్."

"అవ్."

"నా చేతుల మీద మొగ్గున్న కాంటా ఒక్కటి బయటికి పోలే."

"ఇంకొక్క రెక్కనే ఉంది బాపూ. అదీ ఇరిగితే రేపు నేను విమానం లేక ఉత్త చార్టు పట్టుకొని నిలబడాలె."

పాండురంగం విరిగిన రెక్క మార్చాడు. తోక వాషర్లు పీకేశాడు. తక్కువైన తూకంరాళ్లలో నింపే సీసం ముక్క తీసి, కత్తితో చెక్కి, కొంచెం కొంచెంగా ముక్కులో కూర్చాడు. బరువు నిలిచే చోటు రెక్క ముందువైపుకు జరిగింది. దొంగతూకం పెడుతున్నవాడిలా ముఖం ముడుచుకున్నాడు.

శనివారం బడి గ్రౌండులో పాండురంగం పక్కన నిలబడి చూస్తుండగా యమున విసిరింది. విమానం కాస్త వంగింది, సర్దుకుంది, వాలీబాల్ నెట్టు మీదుగా జారుతూ పోయి అవతలి గోడకు తగిలింది. సారు పేరు రాసుకుంటూ అడిగాడు, "బరువు ఎవరు సరిచేసిన్రమ్మా?"

"మా బాపు సార్."

"బిడ్డ చెప్పింది, నేను పెట్టిన," అన్నాడు పాండురంగం. "నా లెక్క ప్రకారం పెడితె పడ్డది సార్. అది గూడ రాసుకోండ్రి."